జంపఖానాలో సోమక్క సగం

కొత్తవాడలో పెళ్లి పసుపు దంచాలన్నా, కొత్త మగ్గానికి మొదటి కొబ్బరికాయ కొట్టాలన్నా, పోచమ్మకు నైవేద్యం వండాలన్నా ముందుగా కబురు వెళ్లేది సోమక్క ఇంటికే. ఆమె పెద్ద భక్తురాలనుకునేరు, అదేం కాదు. పిలిస్తే వచ్చేది, కూర్చోమంటే కూర్చునేది, లేవమంటే లేచేది. ఆమె గొప్పతనమంతా ఒక్కటే, ఆమెకు ముట్టు రాదు. ఇరవై ఒకటో ఏట బిడ్డను కన్నది, ఆ తర్వాత ఇక రాలేదు. అమ్మవారే స్వయంగా ఆ మైల తీసేసిందని వాడంతా నమ్మింది. నెలలో ఏ రోజు ఎవరింట్లో శుభకార్యం పడినా సోమక్క పనికొస్తుంది. ఇంత సౌకర్యంగా దొరికిన మనిషిని పట్టుకొని, అసలు నీకేమైందమ్మా అని అడగాలని ఎవరికి తోస్తుంది చెప్పండి. పదేళ్లపాటు ఎవరికీ తోచలేదు.

అంతకు ముందరి సోమక్క వేరు. పరకాల దగ్గర పల్లె నుంచి పద్దెనిమిదేళ్లకు వెంకట్రాజం ఇంటికి కోడలిగా వచ్చింది. వాళ్లది నేల మీద పరుచుకునే జంపఖానాలు నేసే మగ్గం. వెడల్పు మగ్గం కదా, దాని మీద ఇద్దరు పక్కపక్కన కూర్చుని నేయాలి. ఎవరి సగంలో వాళ్లు రంగుల నూలు అల్లుకుంటూ పోయి, ఇనుప పళ్ల పంజాతో దాన్ని దిగకొట్టాలి. ఇద్దరి దెబ్బ ఒక్కటిగా ఉండాలి. ఒకరిది గట్టిగా, ఒకరిది మెత్తగా పడిందంటే జంపఖానా ఒక పక్క బల్లలా పరుచుకుంటుంది, ఇంకో పక్క ముడతలు పడి లేస్తుంది. అది మనిషి కూర్చోవడానికి తప్ప అమ్మడానికి పనికిరాదు. అందుకే కొత్తవాడలో మొగుడూ పెళ్లాల కాపురం ఎట్లా ఉందో తెలుసుకోవాలంటే వాళ్లింటికి వెళ్లి అడగక్కర్లేదు, గోడ అవతల నిలబడి పంజా చప్పుడు వింటే చాలునంటారు. సోమక్క వచ్చిన మూడో నెలకే వెంకట్రాజం తన చేయి వేగం పెంచుకోవలసి వచ్చింది, లేకపోతే పెళ్లాన్ని అందుకోలేకపోయేవాడు.

ఆ పిల్లకు అన్నీ కావాలి. ఎర్రంచు పక్కన నీలం కావాలి, నీలం వేస్తే మళ్లీ ఆకుపచ్చ కావాలి. చింతచిగురు దొరికే రోజుల్లో పూటపూటా చింతచిగురు పప్పే కావాలి. ఆదివారం వస్తే ఖిలా వరంగల్ దాకా నడిచి వెళ్లి ఆ రాతి తోరణాల మీది హంసల్ని ఇంకోసారి చూడాలి, వచ్చి ఆ హంసనే జంపఖానా మూలన నేయాలి. ఏటూరునాగారం అడవి చూపిస్తానని మొగుడు ఒకసారి మాట జారాడు, అంతే, రెండేళ్లు ప్రాణం తోడేసింది. అత్త లింగమ్మ మొత్తుకునేది.

"ఏం కోడలు దొరికిందే నాకు. పొద్దుగాల లేస్తె గది గావాలె, పొద్దుగూకితె గిది గావాలె. కడుపుల ఏం పెట్టుకొని పుట్టినవే పిల్లా?"

"ఆకలి పెట్టుకొని పుట్టిన అత్తమ్మ," అనేది సోమక్క నవ్వుతూ.

డెబ్భై నాలుగులో, మేడారం జాతర జరిగే నాలుగు రోజుల్లోనే ఆమెకు నొప్పులు వచ్చాయి. వాడలో సగం ఇళ్లకు తాళాలు. బండ్లు లేవు, రిక్షాలు లేవు, మగవాళ్లు లేరు. మంత్రసాని చిలుకమ్మ ఒక్కతే కాలు నొప్పి వల్ల జాతరకు పోలేక ఇంట్లో ఉండిపోయింది, అది అదృష్టమనే చెప్పుకోవాలి. ఆడపిల్ల పుట్టింది. పిల్ల బాగానే ఉంది, తల్లికే నెత్తురు ఆగలేదు. కింద వేసిన చాపలు మూడు మార్చారు. చిలుకమ్మ పొత్తికడుపు మీద పిడికిలి పెట్టి ఒత్తుతూనే ఉంది, తన ముసలి చేతులు స్వాధీనం తప్పేదాకా ఒత్తింది. మర్నాటికి నెత్తురు ఆగింది. సోమక్క మొహం కడిగిన ముగ్గుపిండిలా తెల్లగా ఉంది, కానీ కళ్లు తెరిచింది. జాతర రోజుల్లో పుట్టింది గనుక పిల్లకు సారలమ్మ అని పేరు పెట్టారు. తల్లీ పిల్లా దక్కారు, ఇంకేం కావాలని అందరూ అనుకున్నారు.

పాలు పడలేదు. వెల్లుల్లి కారం పెట్టారు, మెంతులు పెట్టారు, మేక కాళ్ల పులుసు తాగించారు. చుక్క రాలేదు. పిల్ల గుక్కపట్టి ఏడిచేది. పక్కనే పడుకున్న తల్లి ఆ ఏడుపు వినేది, ఏదో చేయాలన్న సంగతి గుర్తుకొచ్చేది, ఆ తర్వాత ఎందుకో చేయి కదిలేది కాదు. వెంకట్రాజం అక్క సమ్మమ్మను స్టేషన్ ఘన్‌పూర్‌లో ఇచ్చారు. ఆమె కాన్పు అయి ఇరవై రోజులు, పుట్టినవాడు పదో రోజునే పోయాడు. పాల గడ్డలు కట్టి జ్వరంతో మూలుగుతున్న మనిషి, తమ్ముడి బిడ్డకు పాలు లేవని వినగానే మొగుడు నర్సయ్యను వెంటబెట్టుకొని బండెక్కి వచ్చింది. వచ్చిన పూటే పిల్లను రొమ్ముకు పెట్టుకుంది. ఆ ఇంట్లో అప్పుడే మొదటిసారి పిల్ల ఏడుపు ఆగింది.

మూడు వారాలకు సమ్మమ్మ తమ్ముణ్ణి పక్కకు పిలవకుండా, నేరుగా మరదలి ముందే కూర్చుని అడిగింది.

"సోమక్కా, నీకు లేవ చాతనైతలేదు. పిల్లను నా ఎంబడి తీస్కపోదునా? పాలు మరిచినంక తోలిస్త. నీ ఇష్టం, నువ్వు వద్దంటె వద్దు."

సోమక్క ఆమె వంక చూసింది, పిల్ల వంక చూడలేదు. "తీస్కపో వదినె. నాకేం ఫికర్ లేదు," అంది.

అంతే. సమ్మమ్మ కూడా ఆ మాటకు ఒక క్షణం బిత్తరపోయింది. బయట రిక్షా సిద్ధంగా ఉంది. సోమక్కను గడప దాకా నడిపించి గోడకు ఆనించి కూర్చోబెట్టారు. రిక్షా కదిలింది, సందు మలుపు తిరిగింది, సమ్మమ్మ కొంగులోంచి పిల్ల కాలు ఒకటి బయటికి వేలాడుతూ కనిపించింది, అదీ పోయింది. లింగమ్మ ఏడ్చింది. చిలుకమ్మ ఏడ్చింది. వెంకట్రాజం మొహం తిప్పుకున్నాడు. సోమక్క చలిగా ఉందని, కప్పుకోవడానికేమన్నా ఇమ్మని అడిగింది.

పాలు మరిపించే వయసు వచ్చింది, పోయింది. పిల్లను తోలించమని సోమక్క కబురు పెట్టలేదు. ఆమె అడగనిది ఇంకెవరు అడుగుతారు. సమ్మమ్మకు మళ్లీ కాన్పు కాలేదు. ఏడాదికోసారి వచ్చినప్పుడు పిల్ల లింగమ్మను అమ్మమ్మ అనేది, వెంకట్రాజాన్ని మామ అనేది, సోమక్కను అత్త అనేది. వరుస ఎవరూ నేర్పలేదు, ఉన్న ఇంటిని బట్టి దానంతట అదే వచ్చేసింది.

సోమక్క మళ్లీ మగ్గం దగ్గర కూర్చుంది. కూర్చుంది కానీ పంజా ఎత్తితే దించడానికి మనసు రావాలి, దించితే మళ్లీ ఎత్తడానికి మనసు రావాలి. వెంకట్రాజం నాలుగు దెబ్బలు వేసేసరికి ఆమె ఒకటి వేసేది. ఆ ఏడు నేసిన మొదటి జంపఖానా ఒక పక్క వదులుగా, ముడతలు ముడతలుగా వచ్చింది. కొనేవాళ్లు చూసి నవ్వి పక్కన పెట్టేశారు. అది ఇంట్లోనే పరుపుకింద పడి ఉండిపోయింది.

ఇక్కడ వెంకట్రాజం చేసిన తప్పు చెప్పాలి. అతను చెడ్డవాడు కాదు, నేతగాడు. నేతగాడికి చేతి దెబ్బే మనసు. దెబ్బ మెత్తబడిందంటే మనిషికి తన మీద మనసు విరిగిందనే అతనికి అర్థమైంది. బిడ్డను పంపించినందుకు లోపల అలిగింది కాబోలు, ఒప్పుకున్నట్టే ఒప్పుకొని ఇప్పుడు పగ తీర్చుకుంటోంది కాబోలు అనుకున్నాడు. అతనూ అలిగాడు. ఒకే మగ్గం మీద జానెడు దూరంలో కూర్చుని ఇద్దరూ పదేళ్లు మాట్లాడుకోలేదంటే అతిశయోక్తేమీ కాదు. ఇంట్లో పడకలూ అట్లాగే దూరమయ్యాయి. ఆమె అలగలేదని, అలగాలన్నా లోపల కాస్త వేడి ఉండాలని, ఆ వేడి కూడా ఆమెకు లేదని అతనికెట్లా తెలుస్తుంది.

ఆమెకు మాత్రం తెలుసా అంటే, సగం తెలుసు. మే నెల ఎండలో వాడంతా తడిగుడ్డలు కప్పుకొని తిరుగుతుంటే ఆమె గోడ పక్కన ఎండలో కూర్చుని ఆ ముడతల జంపఖానానే భుజాల మీద కప్పుకొనేది. కనుబొమల వెంట్రుకలు రాలాయి. ఆకలి వేసేది కాదు. ఒకప్పుడు చింతచిగురంటే నోరూరేదని గుర్తుంది. హంసను నేయాలని చేతులు పీకేవని గుర్తుంది. ఆదివారం ఎప్పుడొస్తుందా అని వేళ్ల మీద లెక్కించుకునేదని గుర్తుంది. ఆ లెక్కించుకున్న పిల్ల ఎటు పోయిందో తెలియలేదు. ఒకరోజు నీళ్లు తోడుతూ తోడుతూ ఆగి అత్తతో అంది.

"అత్తమ్మ, నాకేదన్న గావాల్ననిపిస్తె మంచిగుండు."

"ఏం గావాలె చెప్పు బిడ్డా, తెప్పిస్త."

"ఏం గావాల్నో తెలుస్తలేదు. గావాల్ననిపిస్తె మంచిగుండు అంటాన్న."

లింగమ్మ ఆ మాట పట్టుకొని వాడంతా తిప్పింది. కోరికలన్నీ చచ్చిపోయాయట, సన్యాసిలాంటి మనిషట, అమ్మవారే ఆవహించి ఉందట. అప్పటి నుంచి ఆమెకు పిలుపులు ఇంకా ఎక్కువయ్యాయి. సోమక్క పోయి పీట మీద కూర్చునేది. ఆడవాళ్లు ఆమె కాళ్లకు పసుపు రాసేవాళ్లు. వాళ్ల చేతులు వెచ్చగా ఉండేవి, ఆమెకు నచ్చింది అదొక్కటే.

ఎనభై నాలుగులో మిరుగం కార్తె వానలు ఇంకా పడలేదు, ఎండ మండిపోతోంది. వానల కోసం పోచమ్మకు బోనాలు తీద్దామని వాడవాళ్లు నిర్ణయించారు. పెద్ద బోనం సోమక్క ఎత్తాలన్నారు. ఎత్తినవాళ్లు ముందు రోజు నుంచి ఉపవాసం ఉండాలి. అంతకు రెండు రోజుల ముందే ఆమెకు కడుపులో తిప్పి వాంతులయ్యాయి, జ్వరం తగిలింది. చెప్పుకుంటే బాగుండేది. చెప్పాలనిపించలేదు.

డప్పులు కొడుతున్నారు. వేపాకులు కట్టిన కుండ నెత్తిన పెట్టారు. ఇరవై అడుగులు వేసిందో లేదో ఆమె ఒళ్లంతా ఊగింది, కుండ కింద పడి పగిలింది, మనిషి మోకాళ్ల మీద కూలింది. వాడంతా చేతులు జోడించింది. అమ్మవారు వచ్చిందన్నారు. డప్పులు ఇంకా గట్టిగా కొట్టారు. ఒకామె మొహం మీద పసుపునీళ్లు చల్లింది, ఇంకొకామె ముందుకొచ్చి, "వానలెప్పుడు పడ్తయో చెప్పు తల్లీ," అని అడిగింది. సోమక్క పెదవులు కదిలాయి. ఏం చెబుతుందోనని అందరూ చెవులు అప్పగించి నిలబడ్డారు. ఎంతసేపు నిలబడ్డారో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

వెంకట్రాజం వంగి ఆమె చేయి పట్టుకున్నాడు. పదేళ్ల తర్వాత పట్టుకున్న చేయి. బండరాయిలా చల్లగా ఉంది. అమ్మవారు వచ్చిన ఒళ్లు ఎంత వేడిగా ఉంటుందో అతను చిన్నప్పటి నుంచీ చూస్తున్నాడు. అలకలో ఉన్న ఒళ్లు ఇంత చల్లగా ఉండదు కదా అని కూడా అప్పుడే తోచింది.

"డప్పులు ఆపుండ్రి," అన్నాడు. ఎవరూ ఆపలేదు. అతను ఆమెను భుజాన వేసుకొని రిక్షా కోసం పరుగెత్తాడు. చలి, చలి అని ఆమె గొణుగుతుంటే లింగమ్మ ఇంట్లోకి పోయి చేతికందిన జంపఖానా తెచ్చి చుట్టింది.

పెద్ద దవాఖానలో ఆ పూట డ్యూటీలో ఉన్నది డాక్టర్ కిషన్ రావు. చిన్న వయసు, పెద్ద కళ్లజోడు, చెమటకు చొక్కా వీపుకు అంటుకుపోయి ఉంది. అంత ఎండలో జంపఖానా చుట్టుకొచ్చిన ఆడమనిషిని చూసి ఆయన ముందు ఆశ్చర్యపోయాడు, తర్వాత నాడి చూసి పరుగులు పెట్టించాడు. సెలైన్ ఎక్కించారు, ఏవో సూదులు వేశారు. కాస్త కుదురుకున్నాక లింగమ్మను ప్రశ్నలు అడగడం మొదలుపెట్టాడు.

"ముట్టు ఆఖరుసారి ఎప్పుడు వచ్చిందమ్మా?"

లింగమ్మ గర్వంగా కొంగు సర్దుకుంది. "మా కోడలికి గదంత లేదు సారూ. అమ్మవారు తీసేసింది. పదేండ్లాయె."

డాక్టరు రాస్తున్నవాడల్లా కలం ఆపాడు. "పదేండ్లా? అంతకు ముందు కాన్పు అయిందా?"

"అయింది."

"కాన్పుల నెత్తురు శానా పోయిందా?"

"చాపలు మూడు మార్చినం సారూ."

"పాలు?"

"పడలే."

ఆయన కలం జేబులో పెట్టుకున్నాడు. తర్వాత లేచి వచ్చి మంచం మీది జంపఖానాను వేళ్లతో తడిమాడు. ఒక సగం గట్టిగా ఉంది, ఒక సగం వదులుగా ఉంది. "ఇది ఎవలు నేసిండ్రు?" అని అడిగాడు.

"గీ సగం నేను, గా సగం ఆమె," అన్నాడు వెంకట్రాజం. "పిల్ల పుట్టినంక నేసింది సార్. అప్పటి సంది నా మీద అలిగింది. చెయ్యి గట్టిగ ఏస్తలేదు."

"అలగలేదయ్యా," అన్నాడు కిషన్ రావు. కుర్రవాడు గనుక గొంతులో కోపం దాచుకోలేకపోయాడు. "మెదడు కింద శనగగింజంత గ్రంథి ఉంటది. ఒంట్లో అన్నిటికీ హుకుం ఇచ్చేది అదే. పాలు పడాలన్నా, ముట్టు రావాలన్నా, ఆకలి కావాలన్నా, చలికి వేడి పుట్టాలన్నా, పొద్దున లేచి ఇయ్యాల ఈ పని చెయ్యాలె అనిపించాలన్నా అదే చెప్పాలె. కాన్పుల నెత్తురంతా పోయినప్పుడు దానికి నెత్తురు అందలేదు, ఎండిపోయింది. మనసు లేక కాదు ఆమె మెల్లగ కొట్టింది. మనసును లేపే రసాలే ఒంట్లో లేవు."

లింగమ్మకు సగం అర్థమైంది. "మరి అమ్మవారు?" అని అడిగింది.

"అమ్మవారు ఇన్నేండ్లు బతికించింది, అది చాలదా?" అన్నాడు డాక్టరు.

హైదరాబాదుకు రక్తం పంపించి పరీక్షలు చేయించారు. ఆయన అన్నదే నిజమైంది. పొద్దున ఒకటిన్నర, సాయంత్రం ఒకటి చిన్న తెల్ల గోలీలు, వాటితో ఇంకో గోలీ, జీవితాంతం మరవకూడదన్నాడు. ఎండిన గింజ మళ్లీ మొలవదు, అది ఇవ్వాల్సింది మనమే రోజూ ఇవ్వాలన్నాడు.

మొదట ఆకలి వచ్చింది. ఆరో రోజు పొద్దున సోమక్క లేచి, పచ్చిమిరపకాయల తొక్కుతో జొన్నరొట్టె కావాలంది. కావాలె అన్న మాట ఆ నోట వినగానే లింగమ్మ చేతిలోని చెంబు జారవిడిచింది. రెండో వారానికి గోడ పక్కన ఎండలో కూర్చోవడం మానేసింది. మూడో వారానికి కోపం వచ్చింది, అత్త నూలు కండెలు తడిలో పెట్టిందని అరిచింది. అరుపు విని వెంకట్రాజం వీధిలోంచి పరుగున వచ్చాడు, తిట్టు తింటున్న తల్లినీ తిడుతున్న పెళ్లాన్నీ చూసి గడపలోనే నిలబడి నవ్వాడు. ఆ మర్నాడు మగ్గం మీద అతను పంజా వేస్తే పక్కనుంచి వెంటనే ఇంకో దెబ్బ పడింది. చప్పుడు విని పక్కింటివాళ్లు గోడ మీదుగా తొంగిచూశారు.

నాలుగో నెలలో వేరే గోలీలు కలిపి ఇచ్చాక ముట్టు కూడా వచ్చింది. లింగమ్మ దిగులుపడింది. బోనం ఎత్తే మనిషి ఇప్పుడు వాకిట్లో మూలన వేరుగా కూర్చుంటే వాడలో తన పెద్దరికం పోయినట్టే కదా. అమ్మవారు సోమక్కను వదిలేసిందని ఆడవాళ్లు చెప్పుకున్నారు. ఆ తర్వాత ఏ శుభకార్యానికీ ఆమెకు ప్రత్యేకంగా కబురు రాలేదు. సోమక్క దాన్ని పట్టించుకుంటేనా. మూలన కూర్చుని, ఎండబెట్టి దాచిన చింతచిగురుతో వండిన పప్పు కలుపుకొని రెండుసార్లు వడ్డించమని అడిగింది.

అయితే కోరిక అనేది తలుపు తెరిచాక ఒక్కటే లోపలికి వచ్చి ఆగుతుందా. ఆకలి వచ్చింది, కోపం వచ్చింది, రంగులు వచ్చాయి, మొగుడి వైపు తిరిగి పడుకోవడం వచ్చింది. ఒక మధ్యాహ్నం హంస మెడ నేస్తూ నేస్తూ సోమక్క చేయి ఆపింది. కొంగులోంచి వేలాడిన పిల్ల కాలు కళ్ల ముందు కనిపించింది. పదేళ్లుగా ఆ కాలు ఆమెకు గుర్తుంది, కానీ రాయిని చూసినట్టు చూసేది. ఇప్పుడు చూస్తే రొమ్ము కింద ఎవరో పిడికిలి పెట్టి ఒత్తినట్టయింది. పంజా కింద పెట్టి లేచి నిలబడింది.

"నా బిడ్డ గావాలె," అంది.

వెంకట్రాజం తల వంచుకున్నాడు. "పదేండ్లాయె సోమా. అక్క ఏమంటదో."

"ఏమన్న అననియ్యి. కన్నది నేను."

శనివారం పొద్దున్నే ఒక్కతే ప్యాసింజరెక్కింది. దారి పొడుగునా మాటలు పోగుచేసుకుంది. నేను ఇచ్చినప్పుడు నేను నేను కాను వదినె, డాక్టరు చీటీ ఉన్నది చూడు అని చెప్పాలి. పాలిచ్చిన రుణం తీర్చలేనిదే, కాదనను, కానీ నా బిడ్డ నాకు గావాలె అని చెప్పాలి. ఘన్‌పూర్ స్టేషన్‌లో దిగేసరికి మాటలన్నీ వరుసలో ఉన్నాయి.

నర్సయ్య చెలక పనికి వెళ్లాడు. సమ్మమ్మ వాకిట్లో జొన్నలు చెరుగుతోంది. మరదలిని చూడగానే ఆమె చేతిలో చేట ఆగింది. గోలీల సంగతి, సోమక్క బాగైన సంగతి ఆమెకు ఎప్పుడో చేరింది. ఆ రోజు నుంచే ఈ రాక కోసం భయపడుతూ ఉంది కాబోలు, మొహంలో ఆశ్చర్యమేమీ కనిపించలేదు. "రా సోమక్కా, కూసో," అని చాప వేసి, మంచినీళ్లు తెస్తానని లోపలికి పోయింది. ఎంతసేపటికీ బయటికి రాలేదు.

సారలమ్మ అరుగు మీద కూర్చుని పలక మీద బొమ్మ గీస్తోంది. పదేళ్ల పిల్ల. సోమక్క కనుబొమలే, అవి రాలిపోక ముందువి. గీస్తూ గీస్తూ నాలుక కొంచెం బయట పెట్టింది, అది కూడా సోమక్కదే. వద్దకు వెళ్లి కూర్చుంటే పిల్ల జరగలేదు, తలెత్తి చూసింది.

"అత్తా, నీకు మంచిగైందంట గద."

"మంచిగైంది బిడ్డా."

పిల్ల పలక తుడిచింది. మళ్లీ ఏమీ గీయలేదు. ఇంటి లోపలి వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి అడిగింది.

"నన్ను నువ్వే కన్నవంట. బడిల చెప్పిండ్రు. మరి ఎందుకిచ్చినవ్? నేను ఇష్టం లేకుండెనా?"

దారి పొడుగునా పోగుచేసిన మాటలు ఒక్కటీ పనికి రాలేదు. శనగగింజ గురించి ఈ పిల్లకు చెప్పొచ్చా. చెప్పింది. తనకు తెలిసినంత చెప్పింది. తలకాయ లోపల ఒక చిన్న గింజ ఎండిపోయిందని, అది ఎండితే ఆకలి పోయిందని, చలి పట్టుకుందని, ఏదీ కావాలనిపించలేదని చెప్పింది.

"నువ్వు ఇష్టం లేక కాదు బిడ్డా. నా దగ్గర అసలు ఇష్టమన్నదే లేకుండె. ఎవల మీద గూడ లేకుండె."

పిల్ల పలకను పక్కన పెట్టింది. "ఇప్పుడున్నదా?"

"ఉన్నది. శానా ఉన్నది."

"అయితె నన్ను తీస్కపోతవా?" అంది సారలమ్మ. ఆ గొంతులో ఆశ లేదు. పిల్ల చేయి మెల్లగా వెనక్కి జరిగి అరుగు స్తంభాన్ని పట్టుకుంది. అప్పుడే సోమక్క తలెత్తి చూసింది. లోపలి గడపలో సమ్మమ్మ నీళ్ల చెంబుతో నిలబడి ఉంది. ఎప్పటి నుంచి నిలబడిందో. చెంబులో నీళ్లు వణుకుతున్నాయి. ఇచ్చినదాన్ని తిరిగి అడగడానికి వచ్చినవాళ్ల ముందు ఏమంటుంది.

పదేళ్ల క్రితం సోమక్క అయితే ఆ చెంబును చూసి ఊరుకునేది, అందులో ఉన్నది ఆమెకు తెలిసేది కాదు. ఇప్పుడు తెలిసింది. కావాలనిపించడం ఎట్లా ఉంటుందో ఆరు నెలలుగా ఆమె ఒళ్లంతా తెలుసుకుంటోంది. పదో రోజున కొడుకును పోగొట్టుకొని, పాలు గడ్డకట్టి, ఆ పాలను ఈ నోట్లో పోసిన మనిషికి ఈ పిల్ల ఎంత కావాలో ఆమెకు అప్పుడే మొదటిసారి అర్థమైంది. ఆ గోలీలు వేసుకోకపోతే అర్థమయ్యేది కాదు.

"లేదు బిడ్డా," అంది సోమక్క. "చూసి పోదామని వచ్చిన."

సమ్మమ్మ చేతిలోంచి చెంబు తీసుకొని నీళ్లు తాగింది. సాయంత్రం బండికి తిరిగి వచ్చేసింది. బండి కదిలాక మొదలైన ఏడుపు వరంగల్ వచ్చినా ఆగలేదు. ఇంటికి వచ్చినా ఆగలేదు. మగ్గం మీద కూర్చుంటే నూలు కనిపించదు, అన్నం ముందు కూర్చుంటే ముద్ద దిగదు. సన్నగా, ఆపకుండా, రోజుల తరబడి ఏడ్చింది. వెంకట్రాజానికి భయం వేసింది. నెల చివర దవాఖానకు వెళ్లినప్పుడు ఆమె కంటే ముందు అతనే మాట్లాడాడు.

"సార్, గోలీలు జర తగ్గించుండ్రి. పనికొచ్చేటంత ఉంటె చాలు. గీ బాధ చూడలేకపోతున్న. ఇరవై రోజుల సంది కండ్లు ఆరుతలేవు."

కిషన్ రావు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఆమె నాడి చూశాడు, బరువు చూశాడు. "సాయంత్రం గోలీ సగం చేసి చూద్దామా సోమక్కా? కొంచెం నిమ్మళమైతదేమో," అని చీటీ ముందుకు లాక్కున్నాడు.

సోమక్క చేయి చాపి చీటీ మీద అరచేయి పెట్టింది. కొంగుతో మొహం తుడుచుకుంది, తుడిచిన చోట మళ్లీ తడి వచ్చింది.

"తగ్గించకుండ్రి సార్. నా బిడ్డను రిక్షాల ఎక్కించుకొని తీస్కపోయిన నాడు నేను గోడకు ఒరిగి కూసున్న. అందరు ఏడ్చిండ్రు. కన్నదాన్ని నేను, నాకు ఒక్క చుక్క రాలే. చలి పెడ్తాంది, కప్పుకోను ఇయ్యిండ్రి అన్న. గా నాడు రావల్సిన ఏడుపు సార్ ఇది. ఇప్పుడు వచ్చింది. రానియ్యిండ్రి."

డాక్టరు ఆమె అరచేయి కింది నుంచి చీటీ మెల్లగా తీసుకొని, పాత మోతాదే మళ్లీ రాశాడు.